పిలుపు పేరు వేరు, రికార్డు పేరు వేరు

ప్రశ్న: మా మామయ్యగారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. పొద్దున్నే కాఫీతోపాటు ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ చేతిలో పడాలి ఆయనకి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాడు. టెర్మినల్‌లో కొడితే ఆ రోజు పజిల్ ‘డాట్ పజ్’ ఫైలుగా దిగేది, ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. పోయిన వారం లాప్‌టాప్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04ను 24.04కి మార్చాను. అప్పట్నుంచి ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ పజ్’ అంటోంది. పైథాన్ లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్‌తో పజ్ వేయబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్‌డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఇంకో ఎర్రర్. చివర ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ తగిలిస్తే అయిపోతుందని ఆఫీసులో ఒకరన్నారు. తగిలించనా? ఇంకో మాట, తెలుగు గళ్ళనుడికట్టు కూడా ఇలాంటి ఫైలుగా చేయొచ్చేమో కనుక్కోమన్నారు మామయ్యగారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తగిలించకండమ్మా. ఆ మాట పేరులోనే ‘బ్రేక్’ ఉంది చూడండి. ఉబుంటు తన సొంత పనులు కొన్నిటికి అదే పైథాన్‌ని వాడుకుంటుంది. అందులో మనం వేలు పెడితే రేపు ఇంకేదో ఆగిపోతుంది, అప్పుడు పజిల్ సంగతి మర్చిపోయి దాని వెంట పడాలి. మీకొచ్చిన రెండో ఎర్రర్ అందుకే పెట్టిన అడ్డు. 22.04లో అది లేదు కాబట్టి మీ తమ్ముడికి అప్పట్లో ఇబ్బంది తెలియలేదు.

అసలు జరిగింది చిన్నదే. 22.04తో వచ్చేది పైథాన్ 3.10, 24.04తో వచ్చేది 3.12. మీ తమ్ముడు వేసిన లైబ్రరీలు, అంటే స్క్రిప్ట్ వాడుకునే రెడీమేడ్ కోడు, 3.10 పేరుతో ఉన్న ఫోల్డర్లో ఉంటాయి, 3.12 ఆ గుమ్మం తొక్కదు. మీరు ఇల్లు మారారు, సామాను పాత ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక ఆ ‘పజ్’. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్క్రిప్ట్ లోపల దాన్ని పిలిచే పేరు పజ్, పిప్ దగ్గర నమోదైన పేరు పజ్‌పై. ఇంట్లో అందరూ చిన్ని అంటారు, రేషన్ కార్డులో ఇంకేదో ఉంటుంది, అలాగన్నమాట. పాలిటెక్నిక్ ల్యాబులో ఉన్న రోజుల్లో నేనూ పిల్లల ముందు ఇంకో లైబ్రరీ కోసం ‘యామ్‌ల్, యామ్‌ల్’ అంటూ అరగంట కొట్టుకున్నాను. రికార్డు పేరు పైయామ్‌ల్ అని వెనక బెంచీ కుర్రాడు చెప్పాడు. స్క్రిప్ట్ బీఎస్4 అని అడిగితే బ్యూటిఫుల్‌సూప్4 వేయాలి. ఊహించిన పేరు కొట్టి చూద్దాం అనుకోవద్దు. పిప్ లైబ్రరీలు తెచ్చే ఆన్‌లైన్ గోదాములో ఖాళీగా ఉన్న పేరు ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, అచ్చుతప్పుల కోసమే కాచుకు కూర్చునేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు పని. మన పేజీలో తెలుగు అక్షరాలే కాబట్టి ఫోన్లో చెప్పినట్టు చెబుతాను, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ముందు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్’. తర్వాత స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్లోకి వెళ్ళి ‘పైథాన్3 -ఎమ్ వెన్వ్ గూడు’. గూడు అన్నది నేను పెట్టిన పేరు, మీకు నచ్చింది పెట్టుకోండి. ఈ స్క్రిప్ట్‌కి మాత్రమే చెందిన గది అది, ఉబుంటు జోలికి పోదు. ఆపైన ‘గూడు/బిన్/పిప్ ఇన్‌స్టాల్ పజ్‌పై’. స్క్రిప్ట్‌ని నడిపేటప్పుడు కూడా ఉత్త పైథాన్3 అనకుండా ‘గూడు/బిన్/పైథాన్’ అని మొదలుపెట్టి స్క్రిప్ట్ పేరు ఇవ్వండి. వేసింది ఒక పైథాన్‌లో, నడిపింది ఇంకో పైథాన్‌తో అయితే మళ్ళీ మొదటికే వస్తుంది. నాకొచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటే ఎక్కువ.

పజ్ కుదరగానే ఇంకో పేరు లేదంటుంది, కంగారు పడొద్దు. పైథాన్ మొదటి లోటు దగ్గరే ఆగిపోతుంది, వెనక ఇంకా ఏవేవి లేవో చెప్పదు. అలా ఒక్కోటీ ఎదురుచూసే బదులు స్క్రిప్ట్ తెరిచి పైన ‘ఇంపోర్ట్’, ‘ఫ్రమ్’ అని మొదలయ్యే లైన్లు చూడండి. ఓఎస్, సిస్, జేసన్ లాంటివి పైథాన్‌తోనే వస్తాయి, వాటిని వదిలేయండి. మిగిలినవాటి రికార్డు పేర్లు రాత్రి మీ తమ్ముణ్ణి అడిగి, ‘రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైల్లో లైనుకొకటి రాసి పెట్టుకోండి. ఎర్రర్ ఎంత పొడుగున్నా ఆఖరి లైను ముందు చదవండి, పైనున్నదంతా అక్కడికి ఎలా వచ్చిందో చెప్పే దారి. మళ్ళీ ఉబుంటు మార్చినప్పుడు గూడుని బాగు చేయబోకండి. చెరిపేసి, కొత్తది కట్టి, ఆ ఫైలుతో నింపితే అయిదు నిమిషాల పని.

మామయ్యగారి ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. డాట్ పజ్ అన్నది ఎక్రాస్ లైట్ అనే పాత ప్రోగ్రాం కోసం పుట్టిన ఫైలు. అందులో గడికి ఒక బైటు, అంటే చాలా చిన్న చోటు. ఇంగ్లీషు అక్షరానికి అది చాలు. మన ‘స్త్రీ’ని తీసుకోండి, కాగితం మీద ఒక గడి. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలు, అన్ని భాషల అక్షరాలూ రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. డాట్ పజ్‌లోనే కొత్త 2.0 రకంలో ఆధారాలు తెలుగులో రాసుకోవచ్చు గానీ గడిలో స్త్రీ పట్టదు. ఆయన చేతిరాత బాగుంటే గళ్ళ కాగితం మీద గీసి ఇమ్మనండి, స్కాన్ చేసి పీడీఎఫ్ చేద్దురుగాని.