పన్ను తీయించుకునే ముందు సూదుల గురించి

చి. సుమతికి, పెదనాన్న ఆశీస్సులు.

జ్ఞానదంతం తీయాలని చెప్పినప్పటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదట, మీ అమ్మ ఫోను చేసింది. మత్తు ఇంజెక్షన్ లేకుండా, ఒంటి మీద కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే చైనా వైద్యం ఆక్యుపంక్చర్‌తోనే పన్ను తీసే డాక్టరు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగావట. పళ్ల డాక్టరుగా పనిచేస్తూ ఆ సూదుల విద్యా నేర్చుకున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను: ఉన్నా వెళ్లకు.

సూదులతోనే ఆపరేషన్లు చేస్తారన్న ప్రచారం 1971 తర్వాత బాగా పాకింది. ఆ ఏడాది బీజింగ్‌లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికన్ విలేకరికి అపెండిక్స్ తీశారు. కోత పెట్టింది మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చాకే. తర్వాత కడుపులో కలిగిన బాధకు సూదులు గుచ్చారు. ఆయన రాసిందీ అంతే. మిగతాది జనం కలిపారు.

పన్ను తీసేటప్పుడు నొప్పి తెలియకుండా చేయాల్సింది లిగ్నొకేన్ అనే మత్తుమందు ఇంజెక్షనే. మరి సూదులు ఎందుకంటే, నీ భయం కోసం. కుర్చీలో బిగుసుకుపోయిన మనిషికి చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. ఇంజెక్షన్‌కు ముందు ఓ 20 నిమిషాలు కనుబొమల మధ్య, నడినెత్తిన, చెవి మీద సన్నని సూదులు ఉంచితే చాలామందికి గుండెదడ తగ్గి, దవడ వదులవడం చూశాను. సూదికి భయపడేవాళ్లకు ఇంకో సూదా అని నవ్వకు. ఇది సుమారు పావు మిల్లీమీటరు మందం. లోపల రంధ్రం ఉండదు, మందు ఉండదు. గుచ్చాక కొంచెం బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తుంది. అది మామూలే.

నోట్లో ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టగానే ఓకరింపు వస్తుందన్నావు కదా. దానికి కింది పెదవి కింద గుంటలో సూది గుచ్చే ఒక బిందువు ఉంది. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో, లోపలి వైపు తాళ్లలా తగిలే రెండు స్నాయువుల నడుమ ఇంకొకటి. సూది వద్దనుకుంటే అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కినా కొందరికి ఉపశమనం కలుగుతుంది.

ఇదంతా మన మనసు చేసే మాయే అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటనూ కొట్టిపారేయను. ఉత్తుత్తి సూదులతో పోల్చిన కొన్ని పరిశోధనల్లో తేడా తక్కువే కనిపించింది. అయితే పంటి శస్త్రచికిత్స తర్వాతి నొప్పి విషయంలో ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం చెప్పింది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరకు చేర్చినప్పుడు చేతి వెనక ఉబ్బే కండ మీద పంటినొప్పికి వాడే బిందువు ఉంటుంది. గర్భిణులకు దాన్ని వాడకపోవడం ఆనవాయితీ. నీకు ఏమాత్రం అనుమానం ఉన్నా ముందే చెప్పు.

2019లో కేంద్రం ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య పద్ధతిగా గుర్తించింది. అయినా నాలుగు ఆదివారాలు తరగతులకు వెళ్లి బోర్డు తగిలించేవాళ్లూ ఉంటారు. ఎక్కడ నేర్చుకున్నారో అడగడానికి మొహమాటపడకు. సూది ప్యాకెట్ నీ ఎదుటే విప్పాలి, వాడిన సూదిని నీ ఎదుటే పారేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఇద్దరు డాక్టర్లకూ చెప్పాలి. కొందరు గుచ్చిన సూదులకు స్వల్పంగా కరెంటు పెడతారు; పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అది చేయించుకోకూడదు. అది నీకు కాదు, మీ మామగారి కోసం రాస్తున్నాను.

ఈలోగా దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా సూదుల జోలికి పోకుండా ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లు. సూదితో నొప్పి తగ్గినా లోపలి చీము ఎక్కడికీ పోదు. నొప్పి లేదు కదా అని ఆగినవాళ్లే ముఖమంతా వాచి వస్తారు.

ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకు. ఆకలితో ఉన్నప్పుడు సూది గుచ్చితే కళ్లు తిరగొచ్చు. ఇడ్లీ తిని, అల్లుణ్ని వెంటబెట్టుకుని వెళ్లు. తిరిగి వచ్చేటప్పుడు బండి అతనే నడపాలి.

ఇట్లు,
పెదనాన్న