బెర్గమాస్కో జడలకు దువ్వెన పెట్టకండి

ప్రశ్న: మేం మిలాన్‌లో ఉంటున్నాం. మా బెర్గమాస్కో జాతి కుక్కపిల్లకు పదకొండో నెల. నడుము దగ్గర జుట్టు ముద్దలు కడుతోంది. ఎంత దువ్వినా ఆగడం లేదు. మిషన్‌తో తీయించేయమంటారా?

జవాబు: తీయించకండి. దువ్వెన కూడా పక్కన పెట్టేయండి. దానికి జబ్బేమీ లేదు, జడలు కట్టే వయసొచ్చింది.

ఈ జాతికి మూడు రకాల జుట్టు ఉంటుంది. చర్మాన్ని అంటిపెట్టుకుని జిడ్డుగా ఉండే నూగు, మేక వెంట్రుకల్లాంటి గరుకు జుట్టు, ఆపైన ఉన్ని. ఏడాది నిండే వేళకు ఉన్ని పెరిగి మిగతా రెంటితో పెనవేసుకుంటుంది. వీపు ముందు భాగంలో మేక జుట్టే ఎక్కువ కాబట్టి అక్కడ సాఫీగా ఉంటుంది. నడుము మీద, కాళ్ల మీద జడలు కడుతుంది. దువ్వితే నూగు ఊడిపోయి జడకు పట్టు ఉండదు. అలాగని వదిలేస్తే ఒళ్లంతా ఒకటే అట్ట కట్టి, గాలాడక చర్మం పుండ్లు పడుతుంది.

చేయాల్సింది చీల్చడం, అదీ చేతులతోనే. ముద్దను రెండు చేతులా పట్టుకుని కొస నుంచి చర్మం దాకా విడదీయండి. సగంలో ఆపితే మొదలు దగ్గర మళ్లీ అతుక్కుపోతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. ఒక్కో జడ మొదలు దగ్గర రెండు మూడు వేళ్ల వెడల్పుంటే చాలు. హంగరీ కొమొండోర్ జాతి కుక్కకు ఉన్నట్టు సన్నటి తాళ్లలా చేయకండి. ఇవి బల్లపరుపుగానే ఉండాలి. గంటల తరబడి పట్టే పని కాబట్టి నాలుగైదు రోజులకు పంచుకోండి. జడలు కుదురుకునేదాకా వారానికోసారి మొదళ్లు తడిమి చూడండి. అవి నేలకు తగలడానికి అయిదారేళ్లు పడుతుంది.

స్నానం ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. షాంపూ నీళ్లలో పల్చగా కలిపి పోయండి. తర్వాత తువ్వాళ్లతో ఒత్తి, ఫ్యాన్ గాలికి మొదళ్ల దాకా ఆరనివ్వండి. లోపల తడి మిగిలితే ముక్కవాసన వస్తుంది.

ప్రశ్న: పిలిస్తే ఆలోచించుకుని వస్తుంది. మొండిదా?

జవాబు: కాదు, దాని పుట్టుకే అలాంటిది. ఉత్తర ఇటలీలోని బెర్గామో కొండల్లో గొర్రెల కాపర్లు వేసవికి మందలను పైకి తోలి, చలికాలానికి పో నది మైదానానికి దింపేవారు. కాపరి కనుచూపు మేరలో లేకపోయినా గొర్రెను ఎటు మళ్లించాలో కుక్కే తేల్చుకోవాలి. అరిచి శిక్షణ ఇస్తే మీకు దూరంగా జరుగుతుంది. పని ఎందుకో అర్థమైతే ఎంతో ఇష్టంగా చేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉన్నికి గిరాకీ పడిపోయి, మందలు తగ్గి, ఈ జాతి కనుమరుగయ్యే దాకా వచ్చింది. జాగ్రత్తగా జతలు కలిపి దీన్ని నిలబెట్టినవాళ్లలో మరియా ఆండ్రియోలి ముఖ్యురాలు. ఆ కృషిని మరువకూడదు. కుక్క జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2015లో గానీ దీన్ని పూర్తిగా గుర్తించలేదు.

ప్రశ్న: రెండేళ్లలో విశాఖ వచ్చేస్తాం. తెచ్చుకోవచ్చా?

జవాబు: మేమైతే వద్దంటాం. మగది 60 సెంటీమీటర్ల ఎత్తు, 32 నుంచి 38 కిలోల బరువు పెరుగుతుంది. సముద్రపు ఉక్కలో ఆ జడలు తడిస్తే ఆరవు. తప్పనిసరైతే ఏసీ గది ఉండాలి, తెల్లవారుజామునే నడిపించాలి, వానాకాలమంతా రోజూ జడల మొదళ్లు చూడాలి.