విదేశాల్లో వ్యవసాయ విద్య: నెబ్రాస్కా మొక్కజొన్న చేలో నేర్చుకున్న నీటి లెక్క

బీఎస్సీ అగ్రికల్చర్ తర్వాత ఎమ్మెస్‌కు విదేశాలకు వెళ్లడం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా అని అడిగారు. ఉందనే నా జవాబు. అయితే నాకు ఆ ప్రయోజనం జీతం లెక్కల్లో కంటే నీటి లెక్కల్లోనే ఎక్కువగా కనిపించింది. మాది అనంతపురం జిల్లా. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, లింకన్ నగరంలో ఉన్న నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో సాగునీటి యాజమాన్యం మీద ఎమ్మెస్ చేశాను.

నా పరిశోధన ఆ రాష్ట్రపు నైరుతి మూలన ఒక రైతు మొక్కజొన్న చేలో సాగింది. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 20 అంగుళాలు, అంటే ఇంచుమించు మా జిల్లాలో పడేంత. తేడా అంతా నేల కిందే ఉంది: వాళ్లకు ఒగల్లాలా అనే ఇసుక, గులకరాళ్ల పొరల్లో అపారమైన నిల్వ, మాకు గ్రానైటు పగుళ్లలో దాగిన కాస్త ఊట.

జూలై మొదటి వారంలో, పైరు ఇంకా పూతకు రాకముందు, ఒక మధ్యాహ్నం ఎండకు ఆకులన్నీ గొట్టాల్లా చుట్టుకుపోయి ఉంటే, వెంటనే తడి ఇవ్వాలని నేను పట్టుబట్టాను. 130 ఎకరాలను గుండ్రంగా తిరుగుతూ తడిపే సెంటర్ పివట్ యంత్రం పక్కనే సిద్ధంగా ఉంది. ఆ రైతు మాత్రం సాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, మట్టి తీసే ఇనుప గొట్టాన్ని దించి, ఒకటి, రెండు, మూడు అడుగుల లోతు మట్టిని విడివిడిగా నా అరచేతిలో పెట్టాడు. మొదటిది పొడిగా రాలిపోయింది, రెండోది పిసికితే ఉండ కట్టింది, మూడోది వేళ్లకు చల్లగా అంటుకుంది. పొద్దున్నే వచ్చి ఆకు చూడమన్నాడు. మర్నాడు ఆరు గంటలకు వెళ్తే ఆకులన్నీ విచ్చుకుని నిటారుగా ఉన్నాయి. ఆ తడి మరో ఆరు రోజుల దాకా అవసరం పడలేదు.

ఆయన అంత ఓర్పుగా ఉండటానికి కారణం బావి దగ్గర బిగించిన మీటరు. నెబ్రాస్కాలో నీటిని, నేలను కాపాడే స్థానిక సంస్థలైన సహజ వనరుల జిల్లాలు 1972 నుంచి పనిచేస్తున్నాయి; వాటి బోర్డులను స్థానికులే ఓటు వేసి ఎన్నుకుంటారు, నైరుతి ప్రాంతంలో ఆ బోర్డులే కొన్నేళ్లకు కలిపి ఎకరాకు ఇన్ని అంగుళాల నీరని కోటా కడతాయి. ఈరోజు అనవసరంగా తోడిన అంగుళం రేపటి పూత దశకు ఉండదు. మన దగ్గర నేను బీఎస్సీ చదివిన కళాశాలలో నేల తేమ నిర్వచనాలను నాలుగేళ్లపాటు కంఠస్థం చేయించారు గానీ, ఒక్కసారైనా తడి పెట్టిన మడిలో గుంట తవ్వి చూపించలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. వ్యవసాయం నేర్చుకోవడానికి అమెరికా దేనికని బంధువులు, డేటా సైన్స్‌కు మారిపొమ్మని కన్సల్టెన్సీలు చెప్పిన మాటలు కూడా విద్యార్థులకు హానే చేస్తున్నాయి.

మన రైతుకు లెక్క రాదనే వాదనను నేను ఒప్పుకోను. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) సహకారంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, దాన్ని బట్టి రబీ పంటను నిర్ణయించుకున్నారు. అటువంటి పని ప్రాజెక్టుతో ముగియకుండా ఊరూరా నిలవాలి.

మీరు వెళ్లదలిస్తే, కోర్సు పేరు చూసి కాకుండా, ప్రొఫెసర్ ఏ రైతు పొలంలో పనిచేస్తున్నారో చూసి నేరుగా ఆయనకే రాయండి; పరిశోధన సహాయకుడిగా తీసుకుంటే ఫీజు భారం చాలావరకు తీరి, నెలకు ఖర్చులకూ డబ్బు వస్తుంది. నేను తిరిగి వచ్చాక మా చీనీ (బత్తాయి) తోటలో అడుగు, రెండడుగుల లోతున తేమ సెన్సర్లు పెట్టాను. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టర్‌ను నాన్నగారు ఒక వేసవంతా ఆ అంకెలు చూశాక తామే విప్పేశారు.