ట్రైలర్‌కు ఏ గ్యాస్ రెగ్యులేటర్ కొనాలి?

ప్రశ్న: ఈమధ్యే మేము ఒక పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు) కొన్నాం. దానికి 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్లు రెండున్నాయి. ఫర్నేస్ (లోపల వెచ్చగా ఉంచే పరికరం) వెలగగానే స్టవ్ మంట తగ్గిపోతోంది. రెగ్యులేటర్ మార్చమంటున్నారు. బార్బెక్యూ పొయ్యిల రెగ్యులేటర్ చవకగా దొరుకుతోంది కదా, అది సరిపోతుందా? చలికాలంలో పిల్లలతో కొలరాడో వెళ్లాలనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: సరిపోదండి, దయచేసి అది బిగించకండి. సిలిండర్‌లోని ఒత్తిడి వాతావరణాన్ని బట్టి మారుతుంది. 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో అది 170 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటుతుంది. సున్నా డిగ్రీల ఫారన్‌హీట్ చలిలో 25 చుట్టుపక్కలకు పడిపోతుంది. మీ స్టవ్‌కూ, ఫర్నేస్‌కూ, వాటర్ హీటర్‌కూ, ఫ్రిజ్‌కూ మాత్రం ఎప్పుడూ 11 అంగుళాల వాటర్ కాలమ్ (స్వల్ప ఒత్తిడిని నీటిమట్టం ఎత్తుతో చెప్పే కొలత), అంటే దాదాపు 0.4 పీఎస్‌ఐ మాత్రమే అందాలి. ఇంత తేడాను ఒకే అంచెలో తగ్గించే బార్బెక్యూ రెగ్యులేటర్ ఒక్క పొయ్యికి చాలుతుందేమో గానీ, నాలుగు పరికరాలు వెలుగుతూ ఆరుతూ ఉండే చోట ఒత్తిడిని నిలకడగా ఉంచలేదు. రెండంచెల రెగ్యులేటర్ ముందు ఒత్తిడిని 10 పీఎస్‌ఐ ప్రాంతానికి దించి, తర్వాత 11 అంగుళాలకు తెస్తుంది కాబట్టి బయట ఎండ కాసినా మంచు కురిసినా మంట తీరు మారదు. అమెరికాలో ఇలాంటి ట్రైలర్ల వంటి ఆర్‌వీల (నివాస వాహనాల) భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 1192 కూడా రెండంచెలదే ఉండాలంటుంది. పెద్ద బర్నర్ల కోసం అమ్మే ఎర్రరంగు హై ప్రెషర్ రెగ్యులేటర్ల జోలికి అసలే వెళ్లవద్దు.

మీకు రెండు సిలిండర్లున్నాయి కనుక ఆటోమేటిక్ చేంజోవర్ ఉన్నదే తీసుకోండి. ఒకటి ఖాళీ కాగానే రెండోదాని నుంచి గ్యాస్ దానంతటదే అందుతుంది, పైనున్న గుర్తు ఎర్రగా మారుతుంది. కొలరాడో చలిలో అర్ధరాత్రి ఫర్నేస్ ఆగిపోకుండా ఉండటానికి ఇది ఎంతో అవసరమని నా అభిప్రాయం.

సామర్థ్యం కూడా చూసుకోవాలి. ప్రతి పరికరం మీదా గంటకు ఎన్ని బీటీయూలో (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) రాసి ఉంటుంది. ఫర్నేస్‌కు 30 వేలు, వాటర్ హీటర్‌కు 12 వేలు, స్టవ్, ఓవెన్ కలిపి 25 వేలు, ఫ్రిజ్‌కు 1,500 వేసుకున్నా మొత్తం 70 వేలలోపే. ఆర్‌వీల కోసం చేసిన 1,60,000 బీటీయూల రెగ్యులేటర్ ధారాళంగా సరిపోతుంది.

అయితే కొనేముందు ఒకటి చేసి చూడండి. స్టవ్‌తో సహా అన్నీ ఆపి, సిలిండర్ వాల్వ్ మూసి, కాసేపాగి చాలా నెమ్మదిగా తెరవండి. వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిస్తే గొట్టం చివరనున్న భద్రతా ఏర్పాటు గ్యాస్‌ను అడ్డుకుంటుంది, అప్పుడూ మంట ఇలాగే తగ్గుతుంది.

అలా చేసినా మంట తగ్గుతూనే ఉండి, రెగ్యులేటర్ మార్చక తప్పకపోతే సిలిండర్ల దగ్గరి రబ్బరు గొట్టాలు కూడా కొత్తవి వేయించండి. రెగ్యులేటర్ గాలి రంధ్రం కిందికి చూసేలా ఉండాలి. లేకుంటే అందులో నీరు చేరి గడ్డకడుతుంది. ప్రతి అతుకునూ సబ్బునీటితో పరీక్షించాలి. చివరగా గ్యాస్ పనివారి చేత మానోమీటర్‌తో ఒత్తిడి కొలిపించి, 11 అంగుళాలు ఉందని నిర్ధారించుకున్నాకే బయలుదేరండి.