కొరాపుట్‌లో చెక్క షెడ్డు: పలకల కింద అంచు నల్లబడుతుంటే

షెడ్డుకు పోయినేడే రంగు వేశానని మీరంటున్నారు, అయినా చలి మొదలవగానే పలకల కింద అంచు నల్లబడి తలుపు బిగుసుకుపోతోందంటే తేడా రంగులో కాదు, పలక కోసిన కొసల్లో ఉంది. మన కొండ మీద పొద్దెక్కేదాకా మంచు కారుతూనే ఉంటుంది, దిగువనున్న జయపురం వైపు ఇంత బాధ లేదు.

1. నల్లబడినచోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగితే ఆ మేర కోసేయాల్సిందే. గట్టిగా ఉంటే గీకి, బాగా ఎండనివ్వండి.

2. అందరూ వదిలేసేది ఇదే. పలక ముఖానికి రెండు పూతలు వేస్తారు, కింద కోసిన కొసను ముట్టుకోరు. నీళ్లు ఎక్కువగా తాగేది అదే, అక్కడ చెక్క పోగులు సన్నటి గొట్టాల్లా తెరుచుకుని ఉంటాయి. రంగుల షాపులో ‘బాయిల్డ్’ అని అమ్మే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) చిన్న బ్రష్‌తో పట్టించండి, ఇంకిపోతే మళ్లీ, ఇక పీల్చట్లేదు అనిపించేదాకా. ఆరాకే రంగు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి, విడిగా పరిచి ఆరేయండి.

3. పలకలు నేలకు తగలకూడదు, కింద ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు లేపండి.

4. రేకు లోపల పొద్దున్నే చుక్కలు పడుతుంటే చూరు కింద గాలాడే సందు వదలండి.

తలుపు మాత్రం ఇప్పుడు చిత్రిక పట్టించకండి, ఎండాకాలానికి అదే సన్నబడుతుంది.