కూలి లెక్క చదివి వినిపించే యాప్

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల మండలంలోని ఒక పల్లె. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మతోపాటు ఉపాధి పనికి వెళ్ళే ఆడవాళ్ళు హాజరు, కూలి చూసుకొని, తక్కువ పడితే ఫిర్యాదు చేసుకునేలా ఒక యాప్ తయారుచేశాను. అందరూ బాగుందన్నారు గాని, నెల తిరిగినా ఒక్కరూ వాడలేదు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: అంతా తయారైన తరువాతనే వారికి చూపించారు కదా, లోపం అక్కడే ఉందనుకుంటున్నాను. కళ్ళెదుట పెరిగిన పిల్ల కష్టపడి చేసినదాన్ని బాగాలేదని ఎవరు మాత్రం అంటారు?

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైనది మీ మండలంలోని బండ్లపల్లిలోనే. ఆ చట్టంలోని 17వ సెక్షన్ పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని చెప్పింది. మన రాష్ట్రంలో తనిఖీ బృందాలు మస్టరును, అంటే హాజరు పట్టీని, ఇంటింటికీ తీసుకువెళ్ళి చదివి వినిపించాయి కాబట్టే, ఆ వారం తాను పనికే పోలేదని, ఆ వేలిముద్ర తనది కాదని అక్షరం రానివారు కూడా చెప్పగలిగారు. మీ యాప్ కూడా మీ ఊరి మాటతో చదివి వినిపించాలి. గడ్డపార పట్టి అరిగిన వేళ్ళకు వేలిముద్ర సరిగా పడదు, ఓటీపీ కొడుకు ఫోనుకు పోతుంది. లోపలికి వెళ్ళే దారి ఈ రెండింటి మీదే ఆధారపడకూడదు.

అంతకన్నా ముఖ్యమైనది కొలత. కూలి హాజరును బట్టి మాత్రమే రాదు. గుంపు తవ్విన మట్టిని కొలిచి, వచ్చిన మొత్తాన్ని పంచుతారు. ఆరు రోజులూ హాజరు పడిందని చూపే తెర, కూలి ఎందుకు తగ్గిందన్న కూలి మనిషి ప్రశ్నను తాకనైనా తాకదు. కొలత గుంపుది కనుక ఫిర్యాదు కూడా గుంపు పేరనే వెళ్ళనివ్వండి. ఒంటరిగా పేరు పెడితే గుంపు పని చూసే మేటుకు తెలిసి, రేపు పని ఉండదేమోనన్న భయమే వారిని ఆపి ఉండవచ్చు.

ఈసారి ఫోను లేకుండా వెళ్ళండి. చెట్టు నీడన సద్ది తినే వేళ కూర్చొని, కాగితం మీద గుంత గీసి, పొడవు, వెడల్పు, లోతు ఎవరు కొలిచారో, తమకు చెప్పారో లేదో అడగండి. ఫిర్యాదు మీటే వద్దంటే తీసివేయండి. ముందుగా పక్క ఊరికి పోవడం మేలు. అక్కడ మీరు ఎవరి బిడ్డో తెలియదు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతారు.