ముజ్వేర్‌లో బియ్యప్పిండి ఎంత కలపాలని అడిగినవారికి

అడిగిన ప్రశ్న ఇది: "టర్కీవాళ్ల కూరగాయల వడలు, అదే ముజ్వేర్, ఇంట్లో చేస్తే మెత్తబడిపోయి నూనె పీల్చేస్తున్నాయి. కరకరలాడాలంటే బియ్యప్పిండి ఎంత కలపాలి?"

అసలు కలపకండి. ఒక్క చెంచా కూడా వద్దు. ముజ్వేర్ కరకరలాడాల్సిన వంట కాదు. అంచులు ఎర్రగా వేగి, లోపల అట్టులా మెత్తగా ఉండాలి, కొరికితే కూరగాయ పోగులు పోగులుగా తగలాలి. మీవి మెత్తగా వచ్చాయంటే సగం బాగానే వచ్చాయన్నమాట. నూనె పీల్చడం ఒక్కటే తప్పు. అది పిండి చాలక జరగదు, అందులో తురిమి వేసే జుకినీ కాయలో (కీరదోసలా కనబడే ఒక గుమ్మడి జాతి కాయ) నీళ్లు మిగిలిపోయి జరుగుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ముందు అలాగే చేశాను. మా ఆయన ఉద్యోగం వల్ల రెండేళ్లు ఇజ్మీర్‌లో ఉన్నాం. టర్కీకి పడమట, ఏజియన్ సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఊరు అది. మా ఇల్లు కర్షియాకా వైపు. మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆవిణ్ణి "తేయ్జే" అని పిలిచేదాన్ని. తేయ్జే అంటే అమ్మ తోబుట్టువు, మనకి పిన్నో పెద్దమ్మో. నాన్న తోబుట్టువైతే "హాలా", అంటే మేనత్త. మేనమామ "దాయీ", బాబాయి "అమ్జా". ఇంగ్లీషులో అందరినీ ఆంటీ అంకుల్ అనేస్తే సరిపోతుంది గానీ, టర్కీవాళ్లకి మనలాగే ఏ వరసకి ఆ పిలుపు ఉంది. భాష ఒక్క ముక్క రాని రోజుల్లో ఆ నాలుగు మాటలు నాకు ఎంత ధైర్యమిచ్చాయో చెప్పలేను.

వెళ్లిన కొత్తలో ఫోన్‌లో ఏదో వీడియో చూసి జుకినీ తురిమి, శనగపిండి, బియ్యప్పిండి, పచ్చిమిర్చి, అల్లం వేసి, మూకుడు నిండా నూనె పోసి వేయించాను. అచ్చం పకోడీలే. ఒక ప్లేటులో పెట్టి పైకి పట్టుకెళ్లాను. తేయ్జే రెండు తిని "ఎలినే సాలిక్" అన్నారు. నీ చేతికి ఆరోగ్యం కలగాలని అర్థం. వండినవాళ్లకి అక్కడ తప్పకుండా చెప్పే మాట. తర్వాత మూడోది చేతిలోకి తీసుకుని, విరిచి చూసి అడిగారు: "అమ్మాయ్, ఇందులో కబాక్ ఏదీ?"

కబాక్ అంటే జుకినీయే. సొర, గుమ్మడి లాంటి వాటికీ ఆ మాటే వాడతారు. ఆవిడ అడిగింది వంక పెట్టడానికి కాదు, నిజంగా వెతికారు. నిజంగానే కనబడలేదు.

ఆ వచ్చే బుధవారం నన్ను బోస్తాన్లీ సంతకి తీసుకెళ్లారు. అక్కడ బుధవారం పెద్ద సంత జరుగుతుంది. ఆకుకూరలు, పుట్టగొడుగులు, ఆలివ్‌లు, పెరుగు, బట్టలు అన్నీ ఒక్కచోటే. తేయ్జే కాయలు ఏరే తీరు మా అమ్మ మోండా మార్కెట్‌లో వంకాయలు ఏరినట్టే ఉంది. లేతాకుపచ్చగా, జానెడు కూడా లేని కాయలు మాత్రమే సంచిలో పడ్డాయి. పెద్దవి అమ్మేవాడు చేతికిచ్చినా తీసుకోలేదు. "గింజ పడింది" అన్నారు, అంతే.

ఇంటికొచ్చాక ముందు మొదలుపెట్టింది ముజ్వేర్ కాదు, దొల్మా. కాయని అడ్డంగా సగానికి కోసి, సన్నటి పొడుగు పనిముట్టుతో లోపలి గుజ్జు తొలిచి తీసి, ఆ గుల్లలో బియ్యం, కీమా కూరతారు. మన గుత్తి వంకాయ చీరినట్టు కాదు, అడుగు చిల్లు పడకుండా పూర్తిగా తొలిచెయ్యాలి. పన్నెండు కాయలు తొలిచేసరికి గుజ్జు గిన్నెడైంది. నేను చెత్తబుట్ట దగ్గరికి లాగాను. తేయ్జే నా చెయ్యి పట్టుకుని ఆపి, "రాత్రికి ముజ్వేర్ ఇదే" అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. మనకి బీరకాయ కూరైతే బీరపొట్టు పచ్చడి ఎలాగో, వాళ్లకి దొల్మా చేసిన రోజు ముజ్వేర్ అలాగ. ఇప్పుడు అందరూ కాయ మొత్తం తురిమి చేస్తున్నారు, అదీ బాగుంటుంది. కానీ ఒక కూరలో మిగిలినదాన్ని పారెయ్యకుండా చేసుకునే వంటని కిలో కార్న్‌ఫ్లోర్ పోసి స్టార్టర్‌గా మార్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

గుజ్జు మరీ మెత్తగా ఉందని ఆవిడ రెండు కాయలు చెక్కు తియ్యకుండానే గ్రేటర్ పెద్ద కన్నాల వైపు తురిమి కలిపారు. దయచేసి మిక్సీలో వెయ్యకండి. మిక్సీ తిరిగిందంటే అది చట్నీ. తురుము మీద ఒక చెంచా ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు వదిలేశారు. జుకినీలో వందకి 95 పాళ్లు నీళ్లే. ఉప్పు వాటిని బయటికి లాగుతుంది. తర్వాత గుప్పెళ్లతో తీసి పిండుతుంటే నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. నా చేతికిచ్చారు. నేను శక్తికొద్దీ పిండి, అయిపోయిందన్నాను. ఆవిడ ఏమీ అనకుండా ఆ ముద్దని పల్చటి బట్టలో వేసి, రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టారు. అయిపోయిందనుకున్న దాంట్లోంచి ఇంకో అర గ్లాసు వచ్చింది. గిన్నెడు తురుము చివరికి కొబ్బరిచిప్పలో పట్టేంత ముద్దైంది. మీ ప్రశ్నకి జవాబు ఆ అర గ్లాసులోనే ఉంది.

మిగతాదంతా పది నిమిషాల పని. ఇద్దరు ముగ్గురికి అర కిలో కాయలు తీసుకుంటే రెండు గుడ్లు, మూడు నాలుగు ఉల్లికాడలు, ఒక చిన్న కట్ట సోయకూర (ఇంగ్లీషులో డిల్), కాస్త పార్స్లీ, వంద గ్రాముల తెల్ల చీజ్ చిదిమి, మిరియాల పొడి. ఉప్పు మళ్లీ వెయ్యొద్దు, చీజ్‌లోనే బోలెడు ఉంటుంది. అన్నిటికన్నా ఆఖర్న మైదా నాలుగు పెద్ద చెంచాలు. ముద్దని పట్టి ఉంచడానికి అంతే చాలు. వెడల్పు పెనంలో పొద్దుతిరుగుడు నూనె అర వేలు ఎత్తున పోసి, బాగా కాగాక గరిటెతో వేసి కొంచెం అదమాలి. ఒక వాయికి నాలుగైదు. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. తిప్పడానికి తొందరపడొద్దు, అంచు ఎర్రబడితే అదే పెనాన్ని వదులుతుంది.

మూడో వాయికి వచ్చేసరికి గిన్నెలో మళ్లీ నీరూరింది. ఉల్లికాడలు, చీజ్ కూడా నీరు వదులుతాయి. నేను మైదా డబ్బా అందుకున్నాను. తేయ్జే తల అడ్డంగా ఊపి, గిన్నె వంచి ఆ నీళ్లు ఒంపేశారు. పిండి వేస్తూ పోతే ఆఖరి వాయి రబ్బరులా వస్తుందన్నారు. మనవాళ్ల వీడియోల్లో "జారుగా ఉంటే ఇంకొంచెం పిండి వేసుకోండి" అని ఎంత తేలిగ్గా చెబుతారో! అక్కడే అందరి వంటా పాడవుతోంది.

సోయకూర గురించి కూడా చెప్పాలి. హైదరాబాద్ రైతుబజార్లలో చలికాలంలో కట్టలు కట్టలుగా దొరుకుతుంది. అయినా ప్రతి రెసిపీలోనూ "లేకపోతే కొత్తిమీర" అని రాస్తారు. కొత్తిమీర వేస్తే వచ్చేది వేరే వంట. ముజ్వేర్ వాసన అంతా ఆ సోయకూరదే. పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, చాట్ మసాలా కూడా ఇందులో పడకూడదు. కారం లేకుండా ఎలా తింటామంటారా? పక్కన పెరుగు ఉంటుంది. గుడ్డలో కట్టి నీళ్లు దించిన గట్టి పెరుగులో, ఉప్పు వేసి దంచిన ఒక వెల్లుల్లి రెబ్బ కలపండి. పోపు పెట్టకండి. ముజ్వేర్ పొగలు కక్కుతూ తినేది కూడా కాదు, ఒక పావుగంట ఆరనివ్వండి. గోరువెచ్చగా అయ్యాకే చీజ్ రుచి, ఆకు వాసన తెలుస్తాయి.

ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో జుకినీ ప్లాస్టిక్ చుట్టి, యాపిల్ పళ్ల ధరకి అమ్ముతున్నారు, అదీ సగం ముదిరినవి. అందుకని నేను ఎక్కువగా లేత సొరకాయతో చేస్తున్నాను. గోరు గుచ్చితే దిగే కాయ అయితే చాలు, గింజల భాగం తీసేసి తురుముకోవచ్చు. బీరకాయ వద్దు, ఎంత పిండినా నీరు వదులుతూనే ఉంటుంది. క్యారెట్ కొంచెం కలుపుకోవచ్చు, అక్కడా వేస్తారు. తెల్ల చీజ్‌కి బదులు ఫెటా అనే గ్రీకు చీజ్ బాగా సరిపోతుంది. అది దొరక్కపోతే పనీర్‌ని ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి చిదమండి, ఉత్త పనీర్ చప్పగా ఉంటుంది. గుడ్డు తినని ఇళ్లలో శనగపిండితో చేసుకుంటున్నారు. అది సొరకాయ పకోడీ. నాకు చాలా ఇష్టమైన పకోడీయే, దానికి ముజ్వేర్ అని పేరు పెట్టక్కర్లేదు. నూనె వద్దనుకునేవాళ్ల కోసం ట్రేలో పోసి ఓవెన్‌లో కాల్చే పద్ధతి టర్కీలోనూ ఉంది. ఒంటికి మంచిదే, ఆ ఎర్రటి అంచులు మాత్రం రావు.

మిగిలినవి మళ్లీ వేడి చెయ్యకండి, నూనె కక్కుతాయి. మర్నాడు చల్లగానే రొట్టె మధ్యలో పెట్టుకుని తినొచ్చు. మా పిల్లాడి బాక్సులో అలాగే పెడతాను. ఇక పిండగా వచ్చిన నీళ్లని తేయ్జే సూప్‌లో పోసేవారు, నేను పప్పు ఉడికేటప్పుడు పోస్తున్నాను. ఆ నీళ్లలో అప్పటికే ఉప్పు ఉంటుంది కాబట్టి పప్పులో ఆఖర్న రుచి చూసి వేసుకోండి.